పైఫ్లాట్ పైపుల్లో చప్పుడు: నోటీసు ఎవరికి పంపాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో సొంత ఫ్లాట్. నాలుగేళ్ల కింద తాళాలు తీసుకున్నాం. ఆరు నెలలుగా తెల్లవారుజామున పైనుంచి గోడ అదిరేలా ‘డబ్’మని చప్పుడు వస్తోంది. కొన్ని రాత్రులు ‘గుయ్’మనే మోత కూడా ఉంటోంది. మా అత్తగారు గుండె జబ్బు మనిషి, ఉలిక్కిపడి లేస్తున్నారు. పైఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు ‘ఆ టైంలో మేం నిద్రలో ఉంటాం’ అంటున్నారు. ఓనర్ బెంగళూరులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. అసోసియేషన్ వాళ్లు ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటున్నారు. మాటా మాటా పెరిగి ఇప్పుడు పలకరింపులు కూడా లేవు. పోలీసు కేసు పెట్టొచ్చా? లీగల్ నోటీసు ఎవరి పేరు మీద పంపాలి? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, నోటీసు ఇప్పుడే ఎవరికీ పంపకండి. ఆ చప్పుడు ఏ పైపులోంచి వస్తోందో తేలితేనే, దానికి ఎవరు జవాబుదారో తేలుతుంది. పైఫ్లాట్ లోపలి పైపు అయితే ఆ ఓనర్. అందరూ వాడే లైను, మోటారు అయితే అసోసియేషన్. కట్టడంలోనే లోపం ఉంటే బిల్డర్. ముగ్గురి మీదా చట్టం వేరు, వెళ్లాల్సిన చోటు వేరు. తప్పు మనిషికి నోటీసు పంపితే ఆరు నెలల టెన్షన్ రెండేళ్లవుతుంది.

పైవాళ్లు నిద్రలో ఉన్నామంటున్న మాట నిజమే కావచ్చు. పైపుల చప్పుడు కాంక్రీటులోంచి, పైపు వెంబడి చాలా దూరం పాకుతుంది. ఎక్కడ పుట్టినా మనకు నెత్తిమీదే ఉన్నట్టు వినిపిస్తుంది. సంపులోంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు ఆపగానే, పైపులో నిలువునా ఉన్న నీళ్లు ఒక్కసారి వెనక్కి పడతాయి. ఆ నీళ్లను ఆపే ఎన్ఆర్‌వీ (నాన్ రిటర్న్) వాల్వు పాతబడితే ఆ దెబ్బకు ‘డబ్’మని మూసుకుంటుంది. పైపులు దిగే సందు (డక్టు)లో పైపును గోడకు పట్టి ఉంచే క్లాంపు వదులైతే పైపు గోడకు కొట్టుకుంటుంది. మీకు వినిపించే మోత, కుళాయిల్లో నీళ్ల ఒత్తిడి పెంచే ప్రెషర్ పంపుది కావచ్చు. ఎక్కడో ఒక కుళాయి చుక్కలు కారినా, ఫ్లష్ ట్యాంకు లీకైనా లైనులో ప్రెషర్ తగ్గి, ఆ పంపు రాత్రంతా దానంతటదే ఆన్ అయి ఆఫ్ అవుతుంటుంది. ఇంట్లో ఎవరూ కుళాయి ముట్టక్కర్లేదు.

మా అపార్ట్‌మెంటులో ఇదే జరిగింది. పైన ఉండే పెద్దవాళ్ల తలుపు కొట్టి, వకీలునన్న ధీమాతో గట్టిగానే మాట్లాడాను. మూడు వారాల తర్వాత ప్లంబర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో మోటారు పక్కన ఎన్ఆర్‌వీ మార్చాడు. ఆ రాత్రి నుంచి చప్పుడు లేదు. పొద్దున్నే పైకి వెళ్లి వాళ్లకు క్షమాపణ చెప్పాను. ఇప్పటికీ ఆ ఆంటీ ఎదురైతే నాకు మొహం చెల్లదు. అందుకే మీకు ఇంత వివరంగా చెబుతున్నాను.

ఒక నోటుబుక్కు పెట్టండి. పది రోజులు చప్పుడు వచ్చిన టైం నిమిషంతో సహా, ఎంతసేపు వచ్చిందో, ఏ గదిలో ఎక్కువ వినిపించిందో రాయండి. అవే రోజుల్లో మోటారు ఎప్పుడు వేసి ఎప్పుడు ఆపాడో వాచ్‌మన్‌ను రాసిపెట్టమనండి. మంజీరా నల్లా నీళ్లు వచ్చే రోజుల్లోనే చప్పుడు ఉంటోందా అన్నది కూడా చూడండి. రెండు లెక్కలూ కలిస్తే పైఫ్లాట్‌తో మీకు గొడవే లేదు. కలవకపోతే, సెక్రటరీని, ప్లంబర్‌ను వెంటబెట్టుకుని, ఆ వరుసలో ఉన్న ఫ్లాట్లవాళ్లందరికీ ముందే చెప్పి, ఒక రాత్రి టెర్రస్ మీద మీ వైపు దిగే లైను గేట్ వాల్వు మూయించండి. అయినా చప్పుడు వస్తే అది వేరే లైనుది. ఆగిపోతే, ఆ వరుసలో ఒక్కొక్క ఫ్లాట్‌లో ప్రెషర్ పంపు స్విచ్ ఆఫ్ చేయించి చూడాలి.

కోపంలో మీరే వెళ్లి వాళ్ల వాల్వు కట్టేయడం, అనుమతి లేకుండా ఇంట్లోకి అడుగుపెట్టడం మాత్రం వద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశం అని మీ మీదే ఫిర్యాదు వస్తుంది. ఉమ్మడి రిపేర్ల కోసం ఫ్లాట్‌లోకి రానివ్వాలని చాలా అసోసియేషన్ల బైలాలలో ఉంటుంది. మీ బైలా కాపీ అడిగి చూడండి.

పోలీసు కేసు సంగతి. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. కానీ అది కొంతసేపటి శబ్దం మీద లెక్కగట్టే సగటు. రెండు సెకన్ల ‘డబ్’ ఆ సగటులో కలిసిపోతుంది. పక్కింట్లో అర్ధరాత్రి డీజే పెడితే 100కి ఫోన్ చేయండి, పని జరుగుతుంది. పైపు చప్పుడుకు ఆ దారి బలమైనది కాదు. పబ్లిక్ న్యూసెన్స్ సెక్షన్ కూడా నలుగురికీ కలిగే ఇబ్బంది కోసం ఉన్నదే. మీది ప్రైవేట్ న్యూసెన్స్, అంటే సివిల్ కోర్టు విషయం.

మోటారు, ఉమ్మడి లైను అని తేలితే అసోసియేషన్ తప్పించుకోలేదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అందరూ వాడుకునే ట్యాంకులు, పంపులు, మోటార్లు ఉమ్మడి సదుపాయాలు. వాటి రిపేరు మెయింటెనెన్స్ డబ్బుతో జరగాల్సిందే. మీ నోటుబుక్కు జిరాక్సు జతచేసి సెక్రటరీకి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ దీనికి సరిపోదు.

పైఫ్లాట్‌దే అని తేలితే అద్దెకున్నవాళ్లతో వాదన ఆపేసి, ఓనర్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ప్లంబర్ రాసిచ్చిన కాగితంతో నోటీసు పంపండి. పైపు బాగుచేయించాల్సింది ఆయనే. స్పందించకపోతే వెంటనే కోర్టుకు వెళ్లకుండా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపిస్తారు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకు (రాజీ తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మీ పేరు మీదే పెట్టండి. అదీ కుదరకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే చప్పుడు ఆపించే ఉత్తర్వు కోసం. ఆ దశలో అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు నియమించే వకీలును) పంపి పరిశీలన చేయించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడగొచ్చు. ఫోనులో రికార్డు చేసినవి డిలీట్ చేయకండి, ఫోను కూడా మార్చకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అత్తగారి డాక్టరు చీటీలు కూడా దాచండి.

ఇక బిల్డర్. పైపులకు క్లాంపులే వేయలేదనో, నాసిరకం వాల్వులు పెట్టారనో ప్లంబర్ రాసిస్తే, మీ ప్రాజెక్టు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో రిజిస్టర్ అయి ఉంటే, ఆ చట్టంలోని సెక్షన్ 14(3) మీకు పనికొస్తుంది. పొసెషన్ ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఒక్క రూపాయి తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. నాలుగేళ్లు ఇప్పటికే అయిపోయాయి. బీరువాలోంచి పొసెషన్ లెటర్ తీసి, దాని మీద తేదీ ఈరోజే చూడండి. ఐదేళ్లకు రెండు మూడు నెలలే మిగిలి ఉంటే పది రోజుల నోటుబుక్కు పూర్తయ్యేదాకా ఆగొద్దు. బిల్డర్‌కు మాత్రం చప్పుడు సంగతి రాసి, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు ముందే పంపేయండి.