మొదటి పియానోగా చిన్న గ్రాండ్ కొనవచ్చా?

న్యూజెర్సీలో పియానో పాఠాలు కొత్తగా మొదలుపెట్టానని, తక్కువ ధరలో చిన్న గ్రాండ్ (తీగలు అడ్డంగా పరిచి ఉండే పియానో) ఏది కొనాలని అడిగారు. నేనూ ఇక్కడే, పెద్దయ్యాక నేర్చుకోవడం మొదలుపెట్టి, ఎవరో వాడిన యమహా జీ1 కొనుక్కున్నాను. పొడవు 161 సెంటీమీటర్లు. అంతకంటే బాగా పొట్టివి వద్దనే నా సలహా.

కారణం మంద్ర స్థాయి. యమహా ‘జీబీ1కే’ మోడల్ 151, కవాయి ‘జీఎల్10’ మోడల్ 153 సెంటీమీటర్లు ఉంటాయి. ఆ పొడవులో కింది స్వరాల తీగలు ఎత్తయిన అప్‌రైట్‌లో (తీగలు నిలువుగా ఉండే పియానోలో) కంటే పెద్దగా పొడవేమీ ఉండవు. కొత్త యమహా, కవాయి పనితనం బాగానే ఉంటుంది. అసలు చిక్కు పేరు వినని పాత పొట్టి పియానోలతోనే. దుకాణంలో పై స్థాయి మెట్ల (కీల) మీద తీయగా వాయించి వినిపిస్తారు. మీరు మాత్రం అట్టడుగు మెట్టు నుంచి ఒక్కొక్కటే నొక్కుతూ పైకి రండి. రాగి చుట్టిన తీగలు అయిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోట నాదం ఒక్కసారిగా మారిపోతే, అది శ్రుతి చేయించినా పోదు.

మరి గ్రాండ్ ఎందుకంటారా? మెట్టు పూర్తిగా పైకి లేవకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించవచ్చు. పియానోల తయారీదారు ఎరార్ 1821లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు అది. అయితే మొదటి ఒకటి రెండేళ్ల పాఠాలకు అంత వేగం అక్కర్లేదు. డ్రాయింగ్ రూములో అందంగా ఉంటుందనే కొంటున్నారా, అదీ తప్పేమీ కాదు, కానీ అందుకు ఎంత చెల్లిస్తున్నారో తెలిసి కొనండి.

వాడినది కొనేటప్పుడు డబ్బిచ్చే ముందు అమ్మేవారితో సంబంధం లేని టెక్నీషియన్‌కు చూపించండి. పియానో టెక్నీషియన్స్ గిల్డ్‌లో రిజిస్టర్ అయినవారు దొరుకుతారు. సుమారు 230 తీగలు, అన్నీ కలిపి 18 టన్నులకు తగ్గని బిగువు. వీణకు బిరడల్లా ఇక్కడ ఇనుప పిన్నులే ఆ బిగువును పట్టి ఉంచుతాయి. అవి దిగిన చెక్క వదులైతే ఎన్నిసార్లు శ్రుతి చేయించినా నిలవదు, మరమ్మతుకు పియానో ధర కంటే ఎక్కువే కావచ్చు. నేను చూసిన ఒక దానికి టెక్నీషియన్ తన పానాతో పిన్నును కాస్త తిప్పేసరికి అడ్డేమీ లేనట్టు తిరిగిపోయింది. ఆయన పైన పాలిష్ చూడకుండానే సంచి సర్దేశారు. తీగలను కొట్టే సుత్తుల ఫెల్ట్ (ఉన్ని పొర) మీద తీగల గాడులు లోతుగా ఉన్నాయా, టార్చి వేసి కింద సౌండ్ బోర్డు (నాదాన్ని పెంచే చెక్క పలక) నుంచి దానికి అతికించిన పక్కటెముకల్లాంటి పట్టీలు ఊడాయా అన్నవి కూడా అడిగి చూపించుకోండి.

మన చలికాలం హీటర్లకు ఇంట్లో గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది. తేమ 40–50 శాతం దగ్గర నిలిపే హ్యుమిడిఫయర్ ఖర్చూ, రవాణా ఖర్చూ, తెచ్చిన కొన్ని వారాలకు శ్రుతి చేయించే ఖర్చూ ముందే లెక్కలో వేసుకోండి. అవన్నీ పోగా మిగిలిన డబ్బుకు మంచి 160 సెంటీమీటర్ల గ్రాండ్ రాకపోతే, నేనైతే వాడిన యమహా యూ1 అప్‌రైట్ తీసుకుంటాను.