నాలుగు రోజులూ ఒకటే ముగ్గు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కిందటి సంక్రాంతి వెళ్ళాక మా పెంకుటింట్లో నాలుగు రోజులు సినిమా షూటింగ్ జరిగింది. కొడుకు పట్నం వెళ్తూ తల్లికి చెప్పి బయల్దేరే సీను. ‘వెళ్ళొస్తానమ్మా’ అన్న ఒక్క మాటే ఆ అబ్బాయి ఇరవై రెండుసార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను. బాగానే చెప్పాడు కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకు? మొదటిరోజు వాకిట్లో నేను వేసిన ముగ్గును ఫోటో తీసుకుని, మిగతా మూడు రోజులూ అచ్చం అదే వేయమన్నారు. తీరా సినిమా చూస్తే ఆ సీను నిమిషం కూడా లేదు. మా తులసికోట లేదు, ముగ్గు లేదు. చుట్టాలందరికీ ముందే చెప్పుకున్నాను. మా ఇల్లు నచ్చక తీసేశారా?
- ఒక పాఠకురాలు (పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే చెబుతాను. నచ్చని ఇంట్లో ఎవరూ నాలుగు రోజులు తీయరు. జనరేటర్ వ్యాన్, లైట్లు, అంతమందికి టిఫిన్లు, భోజనాలు... నచ్చకపోతే మొదటిరోజు మధ్యాహ్నమే సామాను సర్దేసేవాళ్ళు. నేను పద్దెనిమిదేళ్ళు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను. అందులో ఎక్కువకాలం కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉందా అని చూసే పని, చేశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

ఇరవై రెండుసార్లు అంటే నాకేం ఎక్కువనిపించలేదు. ముందు గుమ్మం, వాకిలి, తల్లి, కొడుకు అంతా కనబడేలా మాస్టర్ షాట్ తీస్తారు. తర్వాత తల్లి భుజం మీదుగా కొడుకు మొహం. దీన్ని మేం సజెషన్ అంటాం. ఆపైన కొడుకు భుజం మీదుగా తల్లి, చివరికి ఇద్దరి క్లోజప్పులు. కెమెరా చోటు మారినప్పుడల్లా లైటింగ్ మారాలి, ఆ మాట మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. క్లోజప్ తల్లిదే అయినా, ఎదురుగా నిలబడి ఆ అబ్బాయి నిజంగా చెప్తేనే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇంతలో ఎండకు మబ్బు అడ్డొస్తుంది. ఫోకస్ తప్పుతుంది. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే సింక్ సౌండ్ అయితే, పక్కింట్లో మిక్సీ మోగినా ఆ టేకు పోయినట్టే.

మేం ఫిల్మ్ మీద తీసే రోజుల్లో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోయేది. నెగెటివ్ ఖరీదు తలుచుకుని రిహార్సల్స్ ఎక్కువ చేయించి టేకులు తగ్గించేవాళ్ళం. ఇప్పుడు కార్డు మీద రికార్డవుతోంది, రీలు తరిగిపోతుందన్న టెన్షన్ లేదు. అందుకే ‘ఇంకొక్కటి’ అనడం తేలికైంది. అయినా ఒక లెక్క చూడండి. రెండున్నర గంటల సినిమాను వంద రోజుల్లో తీస్తే, రోజుకు దక్కేది నిమిషంన్నర.

ఇక ముగ్గు. కథలో ఆ కొడుకు ఒక్క పొద్దున బయల్దేరాడు. మీ వాకిట్లో అది తీయడానికి నాలుగు పొద్దులు పట్టింది. మొదటిరోజు తీసిన మాస్టర్‌లో సందుచుక్క ముగ్గు ఉండి, మూడోరోజు షాట్‌లో మెలికల ముగ్గు ఉంటే, రెండూ పక్కపక్కన అతికించగానే చూసేవాళ్ళ కళ్ళు నేల మీదికి పోతాయి. ‘వెళ్ళొస్తానమ్మా’ ఎవరికీ వినబడదు.

ఇది నాకు దెబ్బతిని తెలిసిన సంగతి. 1991లో పాలకొల్లు వైపు ఒక ఇంటి అరుగు మీద తీస్తున్నాం. తండ్రి వేషం వేసిన పెద్దాయన కండువా పొద్దున ఎడమ భుజం మీద ఉంది. భోజనాలయ్యాక కుడి భుజం మీదికి వచ్చింది. నేను నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర బయటపడింది. ఆయన ప్రాణం పెట్టి చేసిన షాట్, నా వల్ల పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి గాజుల లెక్క, గ్లాసులో కాఫీ ఎంతవరకు ఉంది, తలుపు ఎంత ఓరగా ఉంది అన్నీ రాసేవాణ్ని. మిమ్మల్ని ముగ్గు అడిగిన పిల్లవాడు చేసిందీ అదే పని. కాకపోతే ఎందుకో మీకు చెప్పి అడగాల్సింది. ఇల్లిచ్చిన మనిషికి, వంగి చుక్కలు పెట్టిన మనిషికి, ఆ మాత్రం చెప్పకపోవడం మా వాళ్ళ తప్పే.

సీను కుదించడానికీ మీ ఇంటికీ సంబంధం ఉండదు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున, సినిమా చెట్టని పేరుపడ్డ నిద్రగన్నేరు ఉండేది. నూటయాభై ఏళ్ళ చెట్టు, 2024 ఆగస్టులో కూలిపోయింది. దాని నీడన ఒకసారి మేం రెండు రోజులు తీసిన సీను, సినిమాలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ చెట్టుకు ఏం తక్కువని? అక్కడ కథ సాగదీసినట్టుందని ఎడిటర్ తీసేశాడు. చెట్టు కూలిందని వార్త విన్నరోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ సీనే.

మీరు ఉత్తరంలో రాసిన సినిమాను మొన్న ఇంట్లో పెట్టుకుని చూశాను. మీ సీను దగ్గర ఆపి ఆపి మూడుసార్లు చూశాను. కొడుకు మెట్టు దిగి, చెప్పులు వేసుకుని, ఒక్కసారి వెనక్కి తిరుగుతాడు. అక్కడ ఆపండి. అతని కాళ్ళ దగ్గర, ఎడమవైపు, తెల్లగా ఐదారు చుక్కలు, వాటిని చుట్టుకుని సగం రేకు కనిపిస్తాయి. తర్వాత అడుగు ముగ్గు తొక్కకుండా పక్కకు వేశాడు. తల్లి క్లోజప్‌లో ఆవిడ చెవి వెనకాల పసుపురంగు మసకగా ఉంది. అది మీ తులసికోటే అనుకుంటున్నాను. మీరు చూస్తే గుర్తుపడతారు. ఈసారి చుట్టాలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.