హెడ్‌మాస్టరు డైరీ కంటే బడి రిజిస్టరు మేలు

బాలబాలికలు కలిసి చదివే ఉన్నత పాఠశాలకు కొత్తగా ప్రధానోపాధ్యాయులైన మీకు శిక్షణలో ఒక డైరీ ఇచ్చారనీ, అందులో రోజూ ఆత్మపరిశీలన రాసుకుంటే ఆడ, మగ వివక్ష లేని నాయకత్వం అలవడుతుందని చెప్పారనీ, అది ఎంతవరకు నిజమనీ మీరు అడిగారు. ఆత్మపరిశీలన వల్ల తప్పకుండా అలవడుతుంది గాని, ఒంటరిగా కూర్చుని రాసుకునే డైరీ వల్ల అలవడదని నా గట్టి అభిప్రాయం. తన గురించి తాను రాసుకునేటప్పుడు ఎవరైనా తనకు తానే వకీలుగా మారతారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేస్తూ, చుట్టుపక్కల బడులన్నీ కలిసి జరుపుకునే కాంప్లెక్స్ సమావేశాల్లో సాటి హెడ్‌మాస్టర్లు చదివి వినిపించిన అలాంటి పేజీలు ఎన్నో విన్నాను. దాదాపు అందరిదీ ఒకే మాట: ‘మా పాఠశాలలో బాలబాలికలను సమానంగా చూస్తున్నాము.’ చూడడం లేదని రాసే హెడ్‌మాస్టరు ఎక్కడైనా ఉంటారా?

2024 చలికాలంలో, నేను ఇప్పుడున్న బడికి బదిలీపై వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. పదో తరగతి పిల్లలకు సాయంత్రం బడి వదిలాక ప్రత్యేక తరగతులు నడిచేవి. మొదటి గంట సాంఘికం లేదా తెలుగు, రెండో గంట లెక్కలు. నెలాఖరు స్టాఫ్ మీటింగులో లెక్కల సారు, ఆడపిల్లలు రెండో గంటకు ఉండడం లేదనీ, వాళ్లకు లెక్కలంటే భయం కాబట్టి తప్పించుకుంటున్నారనీ చెప్పారు. ఆయన మంచి ఉపాధ్యాయులు, పిల్లలను పేరుపెట్టి పిలిచే మనిషి. మిగిలినవారు తలూపారు. నేను వాదించకుండా ప్రత్యేక తరగతుల హాజరు పట్టిక తెప్పించి, టేబుల్ మీద తెరిచి, గైర్హాజరైన పేర్లను ఒక్కొక్కటిగా బయటికి చదవమని హిందీ మేడంను కోరాను.

ఆమె చదువుతున్న కొద్దీ అందరికీ ఒక విషయం కనబడసాగింది. ఎర్ర సిరా గుర్తులున్న అమ్మాయిలు దాదాపు అందరూ రోడ్డుకు అవతలి రెండు తండాలవాళ్లే. బడి ఉన్న ఊళ్లోని అమ్మాయిలు, లెక్కల్లో వెనుకబడినవాళ్లు సైతం, రెండో గంటకు ఉన్నారు. అబ్బాయిలు ఏ ఊరివాళ్లయినా ఉన్నారు. తండాలవైపు వెళ్లే చివరి పల్లెవెలుగు బస్సు అయిదుంబావుకు బడి ముందు ఆగుతుంది, అది దాటితే అబ్బాయిలు ఎవరి బండి వెనకో ఎక్కిపోతారు, అమ్మాయిలు ఎక్కలేరు. “బస్సు ఫ్రీయే గదా మేడం ఇప్పుడు” అని ఒక సారు అన్నారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదన్నది నిజమే గాని, టికెట్ లేనంత మాత్రాన అయిదుంబావు బస్సు ఆరున్నరకు రాదు. నవంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. లెక్కల సారు పట్టికను తన వైపు తిప్పుకుని, తాను పెట్టిన ఎర్ర గుర్తుల మీదుగా వేలు జరుపుతూ కొంతసేపు చూసి, “మొదటి గంటకు లెక్కలు మార్చుకుందాం” అని తానే అన్నారు.

ఆయన ఇంట్లో కూర్చుని నెలల తరబడి డైరీ రాసినా ఆ మాటకు వచ్చేవారు కారని నేను ఖాయంగా చెప్పగలను. ఆయనకు వివక్ష చూపుతున్నానన్న అనుమానమే లేదు, అనుమానం లేని చోట ఆత్మపరిశీలనకు దొరికేదేముంటుంది? పదిమంది ముందు పెట్టిన కాగితం, ఆ కాగితాన్ని పైకి చదివే గొంతు ఉంటే తప్ప మన అలవాట్లు మనకు కనబడవు. ఆ తర్వాత నెలకొక రిజిస్టరు చొప్పున అలాగే చదివాం. ఎవరికి ఏ పని అప్పగించారో రాసే ఆర్డర్ పుస్తకంలో పంద్రాగస్టు పనుల పంపకం చూస్తే, ఏళ్ల తరబడి ముగ్గులు, స్వాగత గీతం, అతిథులకు చాయ్ మేడంలకూ, మైకు, జెండా, వేదిక, ఖర్చుల లెక్క సార్లకూ వచ్చాయి. పదో తరగతి పరీక్షల పని, ల్యాబు తాళంచెవి కూడా అంతే. ఎవరూ కావాలని చేసింది కాదు, పాత ఏడాది పేజీ చూసి కొత్త ఏడాది పేజీ రాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఆ పనులు వంతులవారీగా తిరుగుతున్నాయి. చాయ్ వంతు వచ్చిన సారు మొదట్లో ముఖం ముడుచుకున్నా, ఇప్పుడు ఆ చాయ్ గురించి గొప్పలు చెబుతున్నారు.

మన వ్యవస్థకు ఈ విషయంలో వచ్చే ఆలోచనలు వేరు. బాలికల ఉన్నత పాఠశాలల్లో యాభై ఏళ్లు నిండని పురుష ఉపాధ్యాయులు ఉండరాదని బదిలీల నిబంధనల్లో రాసుకున్నాం, అంటే పుట్టిన తేదీ చూసి బుద్ధిని అంచనా వేస్తున్నామన్నమాట. శిక్షణల సంగతి చెప్పనవసరం లేదు, బ్యానరుతో ఫొటో తీసి గ్రూపులో పెట్టేసరికి సగం పూట గడిచిపోతుంది. మార్చి 8న మేడంలంతా ఒకే రంగు చీరలో రావాలన్న సూచన ఏటా వస్తుంది, ఆ రోజు కేకు కోసే కత్తి మాత్రం హెడ్‌మాస్టరు చేతిలో ఉంటుంది.

కమిటీల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్నది, మన తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల నాయకురాళ్లే అధ్యక్షులు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అయితే మా మినిట్స్ పుస్తకంలో ‘సభ్యులు చర్చించి తీర్మానించారు’ అనే తప్ప ఎవరు ఏమన్నారో ఉండేది కాదు. ఎవరి మాట వారి పేరుతో రాయమన్న తర్వాత చూస్తే, కొన్ని పేజీల్లో సభ్యురాలి సంతకం ఉంది గాని మాట ఆమె భర్తది. ఆ పేజీని కమిటీలో పైకి చదివించాక, భర్తలకు వరండాలో కుర్చీలు వేయించాం. మరుగుదొడ్డి గొళ్లెం ఊడిపోయి చాలాకాలమైందని మాకు చెప్పింది అప్పుడు గొంతు విప్పిన ఒక తల్లే.

మీ బడిలో మొదలుపెట్టదలిస్తే ఆర్డర్ పుస్తకంతోగాని, ప్రత్యేక తరగతుల హాజరుతోగాని మొదలుపెట్టండి. చదవడం మీరు చేయకండి, హెడ్‌మాస్టరు చదివితే అది తనిఖీలా వినిపిస్తుంది. వంట చేసే మహిళలనూ, ఆయానూ ఆ గంటసేపు లోపల కూర్చోబెట్టండి, ఏ పిల్ల అన్నం తినడం లేదో, ఏ పిల్ల నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఉంటోందో వాళ్లకు తెలిసినట్లు మనకు తెలియదు. పరిష్కారం ఒక్కసారిగా కుదురుతుందని కూడా అనుకోకండి. లెక్కలు మొదటి గంటకు వచ్చాక సాంఘికం రెండో గంటకు జరిగి, తండాల అమ్మాయిలకు అది పోయింది. దాంతో ఆ గంటను పొద్దున బడికి ముందు పెట్టాం, ఈసారి పాలకేంద్రంలో పాలు పోసి రావలసిన నలుగురైదుగురు అబ్బాయిలకు ఎర్ర గుర్తులు పడ్డాయి. వాళ్లకు మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట ఇస్తున్నారు సాంఘికం మేడం. అది సరిపోతుందో లేదో వచ్చే నెల పట్టిక చదివినప్పుడు చూడాలి.