గంటలోపే ముగిసే 'ది లాస్ట్ వరల్డ్': పూర్తి ప్రతి గురించి

నమస్కారమండీ. మీరు చూసిన 1925 నాటి మూకీ చిత్రం 'ది లాస్ట్ వరల్డ్' గంటలోపే ముగిసిందనీ, కథ మధ్యమధ్య తెగిపోయిందనీ, ఆ డైనోసార్లు వేషం వేసుకున్న మనుషులేనా అనీ అడిగారు.

లోపం సినిమాలో లేదు, మీరు చూసిన ప్రతిలో ఉంది. 1929లో అసలు ప్రతులను చలామణి నుంచి తొలగించిన తరువాత, ఇళ్లలో ప్రదర్శించుకోవడానికి కుదించిన 16 మిల్లీమీటర్ల ప్రతులే దశాబ్దాల పాటు ప్రేక్షకులకు దిక్కయ్యాయి. నిడివిని బట్టి చూస్తే మీకు దొరికింది వాటి నకలే. తరువాత చెక్ దేశపు ఫిల్మ్ ఆర్కైవ్‌లో బయటపడిన ప్రతితో, ఇతర చోట్ల మిగిలిన ముక్కలతో సినిమాను తిరిగి కూర్చారు. మీరు 2016 నాటి పునరుద్ధరణను వెతకండి. దాని నిడివి సుమారు 104 నిమిషాలు.

ఇక డైనోసార్లలో మనుషులెవరూ లేరు. మార్సెల్ డెల్గాడో లోహపు అస్థిపంజరం మీద రబ్బరు చర్మం తొడిగి చేసిన చిన్న బొమ్మలవి. విల్లిస్ ఓబ్రయన్ వాటిని వెంట్రుకవాసి కదిలించి ఒక ఫ్రేము, మళ్లీ కదిలించి మరో ఫ్రేము చొప్పున చిత్రీకరించారు. కొన్ని బొమ్మల లోపల గాలితిత్తులు అమర్చి, వాటిని కొద్దికొద్దిగా ఉబ్బిస్తూ ఊపిరి తీస్తున్న భ్రమ కల్పించారు. పోరాట దృశ్యాలలో ఆ పొట్టల కదలికను తప్పక గమనించండి. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే.