పిల్లి చేత గీకుడు మాన్పించలేం, చోటు మార్పించగలం

రెండు పిల్లులు హాల్లో తివాచీ పీకేస్తున్నాయి, కొత్త సోఫా చేతులు చీరేస్తున్నాయి, అరిచినా నీళ్ళు చిమ్మినా ఆగట్లేదు, గోళ్ళు తీయించేద్దామా అని కదా మీరు అడిగారు.

ముందు ఆ ఆఖరి ముక్కకి జవాబు చెప్పేస్తాను. వద్దండీ. మనం గోళ్ళు తీసుకున్నట్టు కాదు అది. ఒక్కో వేలికి చివరి ఎముకతో సహా కోసేస్తారు. తర్వాత కొన్నిటికి నొప్పి ఉండిపోతుంది, కొన్ని కరవడం మొదలెడతాయి, కొన్ని దొడ్డికెళ్ళే ఇసుక తట్టలో కాలు పెట్టవు. న్యూయార్క్ రాష్ట్రంలో 2019లో దీన్ని నిషేధించారు. మన దేశంలో జంతువుల్ని అంగవికలం చేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కిందకొచ్చే నేరం.

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తల్లీ కొడుకూ రెండు పిల్లులు. తల్లి సోఫా జోలికి పోతుంది, కొడుకు నేల మీద పరిచిందేదైనా వదలడు. నవ్వకండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కొన్ని పిల్లులకి నిలువుగా గీకడం ఇష్టం, కొన్నిటికి అడ్డంగా. మీరు ఓ రెండ్రోజులు ఏమీ అనకుండా చూడండి, ఏది ఎక్కడ, ఏ వేళప్పుడు గీకుతోందో. రెండిటికీ ఒకే వైద్యం చేస్తే ఒకటి దారికొస్తుంది, రెండోది మీ తివాచీ మీదే ఉంటుంది.

అది మన మీద కక్షతో చేసే పని కాదు. ముందుకాళ్ళ గోళ్ళకి పాత పొర ఉల్లిపొరలా ఊడుతుంది, దాన్ని వదిలించుకోవాలి. మీ తివాచీ దులిపితే ఖాళీ గోరు తొడుగులు దొరుకుతాయి చూడండి. ఇంకోటి, వేళ్ళ సందుల్లో వాసన గ్రంథులు ఉంటాయి. గీకిన చోట గీతతో పాటు వాసన కూడా మిగులుతుంది, ఇది నా ఇల్లు అని. అందుకే ఎక్కడో మూల కాకుండా నలుగురూ తిరిగే హాల్లోనే, సోఫా చేతి మీదే ఆ పని పెట్టుకుంటుంది. నిద్ర లేవగానే ఒళ్ళు విరుచుకోడానికీ అదే. కిటికీ బయట ఊరి గండుపిల్లి కనపడిన రోజు మా తల్లిపిల్లి గీకుడు రెట్టింపవుతుంది, తుఫాను గాలికి తలుపులు కొట్టుకునే రోజుల్లోనూ అంతే.

ఇక పని సంగతి. పిల్లి గీక్కోడానికి విడిగా ఓ స్తంభం పెట్టాలి. ఆన్‌లైన్‌లో దొరికే అడుగున్నర స్తంభాలు పిల్లకూనలకే. పెద్ద పిల్లి వెనక్కాళ్ళ మీద లేచి పూర్తిగా సాగాలంటే రెండున్నర, మూడడుగుల ఎత్తుండాలి. ఎత్తుకన్నా ముఖ్యం, ఊగకూడదు. ఒక్కసారి ఊగి మీద పడబోయిందా, మళ్ళీ దాని ముఖం చూడదు. మా వైపు గోపాల్‌పూర్ ఇసుక నేలల్లో సరుగుడు తోటలు కదా, కర్రకి కరువు లేదు. ముంజేతి లావు సరుగుడు కర్ర తెచ్చి, కొబ్బరి పీచు తాడు సందు లేకుండా బిగించి చుట్టి, మొదట్లో చివర్లో ఫెవికాల్ పెట్టి మేకులు తల లోపలికి దిగేలా కొట్టాం. అడుగున బరువైన చెక్క, పైన కిటికీ చువ్వకి బైండింగ్ వైరు. కదలదు. నైలాన్ తాడు మాత్రం వద్దు. గోరు జారిపోతుంది, పోగులు ఊడి కడుపులోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. కొబ్బరి పీచు రాలుతుంది, రోజూ ఊడవాలి, దానికి సిద్ధపడండి. వానాకాలం ముక్కిన వాసన వస్తే ఓ పూట ఎండలో పెట్టాలి.

నేల గీకేవాడికి ఇంత శ్రమ లేదు. గుమ్మం దగ్గర వేసే మందపాటి కొబ్బరి పీచు పట్టా, లేదా బియ్యం కొట్లో దొరికే గోనెసంచి పలక మీద బిగించి కొట్టింది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మడిచి పడేసినా సరే.

ఎక్కడ పెట్టాలన్నదే చాలామంది తప్పే చోటు. అందంగా లేదని పెరటి వరండాలో పెడితే ఆ స్తంభం మీకే మిగులుతుంది. చిరిగిన సోఫా చేతిని ఆనుకునే పెట్టండి. తివాచీ ఎక్కడ పీకుతున్నాడో సరిగ్గా అక్కడే పట్టా వేయండి. అదే సమయంలో పాత చోటు బాగోకుండా చేయాలి. సోఫా చేతికి రెండు వైపులా అంటుకునే టేపు గానీ, వంటింటి అల్యూమినియం రేకు గానీ, మందపాటి నున్నటి ప్లాస్టిక్ గానీ చుట్టండి. అలవాటు కుదిరాక స్తంభాన్ని రోజుకి రెండు మూడు అంగుళాల చొప్పున మీక్కావలసిన మూలకి జరపొచ్చు, తొందరపడితే మొదటికొస్తుంది. ఈసారి సోఫా గుడ్డ మార్చేటప్పుడు పోగులు వదులుగా ఉండే ముతక నేత కాకుండా గోరు దిగని దట్టమైన గుడ్డ వేయించండి.

దాన్ని స్తంభం దగ్గరికి రప్పించడానికి మన దగ్గరో చెట్టుంది. గోడల పక్కన, పెంటకుప్పల మీద పెరిగే కుప్పింటాకు. కొందరు మురిపిండి ఆకు అంటారు. దాని వేరంటే పిల్లికి పిచ్చి. వేరు కడిగి నలిపి తాడుకి రుద్దితే మా తల్లిపిల్లి అక్కడే దొర్లింది, గీకింది, వాటేసుకుంది. కొడుకు వాసన చూసి వెళ్ళి పడుకున్నాడు. అన్నిటికీ పట్టదన్నమాట. రుద్దడమే గానీ తినిపించొద్దు. వాడికి ఎండు చేప ముక్క పనిచేసింది. గీకిన మరుక్షణం ఇవ్వాలి, ఓ నిమిషం ఆగి ఇస్తే దేనికిచ్చారో దానికి తెలీదు.

నీళ్ళు చిమ్మడం ఆపేయండి. మీరు గదిలో ఉన్నంతసేపే ఆగుతుంది, పైగా మిమ్మల్ని చూస్తే బెదురు. తెలుగులో తిట్టినా ఒడియాలో తిట్టినా ఫలితం ఒకటే, మా ఇంట్లో రెండూ అయ్యాయి. కలరా ఉండలు, కర్పూరం, నీలగిరి తైలం పెట్టమని సలహా ఇస్తారు, వినకండి. అవి పిల్లికి విషం.

రెండు మూడు వారాలకోసారి గోళ్ళ కొసలు తీస్తే గీకినా నష్టం తక్కువ. వేలు మెల్లిగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం. దానికి దూరంగా, తెల్లటి కొస మాత్రమే తీయాలి. నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టుకోండి, ఒక పూట రెండు వేళ్ళయినా చాలు.

వీటన్నిటితోనూ కాపాడలేనిది ఒకటుంది, పట్టు నేత. మా పెద్దమ్మ వాళ్ళింట్లో మగ్గం ఉంది, ఫోడా కుంభ అనే గుడి గోపురం ఆకారపు అంచుతో బరంపురం పట్టు నేస్తారు. మగ్గం మీద సాగదీసిన పడుగు దారాల మీద పిల్లి ఒక్కసారి దూకితే ఎన్ని రోజుల పని పోతుందో చెప్పక్కర్లేదు. అక్కడ స్తంభం లేదు, కుప్పింటాకూ లేదు. మగ్గం గదికి తలుపు, తలుపుకి గొళ్ళెం.