పైకప్పు లేని పాత కారు ఎందుకు అదురుతుంది?

ప్రశ్న: నా వద్ద 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని రెండు సీట్ల బ్రిటిష్ కారు) ఉంది. గతుకుల రోడ్డు మీద స్టీరింగు, డ్యాష్‌బోర్డు, ముందు అద్దం చట్రం కలిసి వణుకుతాయి. ఒక చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి ఆపితే తలుపు తెరవడం కష్టమవుతోంది. షాక్ అబ్జార్బర్లు మార్చినా తేడా కనిపించలేదు. ఇంజిన్ గదిలో అడ్డంగా బిగించే బ్రేస్ రాడ్ వేయిస్తే ఈ అదురు తగ్గుతుందా?

జవాబు: రాడ్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన రెండు లక్షణాలలో రెండవదే అసలు సంగతిని బయటపెడుతోంది. వణుకు టైర్ల వల్ల రావచ్చు, అరిగిన రబ్బరు బుష్‌ల వల్ల రావచ్చు. కానీ ఒక చక్రం పైకి లేచినంత మాత్రాన తలుపు బిగుసుకుపోతోందంటే, తలుపు కూర్చునే చట్రమే ఆకారం మారిపోతోందని అర్థం.

1962లో వచ్చిన మొదటి కారు నుంచీ ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. రేకులను పెట్టెల్లా మడిచి అతికిన బాడీయే మొత్తం బరువును మోస్తుంది. మూత ఉన్న అట్టపెట్టెను మెలితిప్పడం కష్టం, మూత తీసేస్తే అదే పెట్టె చేతుల్లో సులువుగా తిరిగిపోతుంది. పైకప్పు లేని కారు ఆ రెండవ పెట్టెలాంటిది. ఆ లోటును పూడ్చే భారమంతా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే సిల్‌ల మీద, మధ్యలోని గేర్‌బాక్స్ టన్నెల్ మీద, ముందూ వెనుకా ఉన్న అడ్డగోడల మీద పడుతుంది.

సిల్ బలమంతా అది మూసిన గొట్టం కావడంలోనే ఉంది. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచును పొడవునా టేపుతో అతికించి మెలితిప్పండి. తరువాత ఆ అతుకును కోసి మళ్లీ తిప్పండి. కాగితం అదే, మందం అదే, అయినా రెండవసారి అసలు ఎదురే ఉండదు. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని పొడవునా చీలిస్తే మెలికను తట్టుకునే శక్తి సుమారు 1,800 రెట్లు పడిపోతుందని లెక్క చెబుతుంది. నిజమైన సిల్ అంత ఘోరంగా దెబ్బతినదు, ఎందుకంటే తుప్పు చీలిక ఒక చివర నుంచి మరో చివర దాకా ఉండదు, పైగా రెండు కొసలూ బాడీకి అతుక్కునే ఉంటాయి. అయినా కింది అంచున స్పాట్ వెల్డింగులు విడిపోయిన సిల్, పైకి ఎంత నున్నగా రంగు పూసి కనిపించినా, కారును పట్టి ఉంచలేదు.

కాబట్టి ముందు కొలవండి. చదునైన నేల మీద కారును నిలిపి, తలుపు వెనుక అంచుకూ దాని పక్కనున్న బాడీకీ మధ్య సందును పైనా కిందా కొలిచి రాసుకోండి. రెండు వైపులకూ కలిసేలా ఒక టేపు ముక్క అంటించి, పెన్సిలుతో అడ్డగీత గీసి, సందు దగ్గర టేపును బ్లేడుతో కోయండి. ముందు వైపు ఒక మూలను జాక్‌తో మెల్లగా ఎత్తుతూ ఆ గీత రెండు ముక్కలూ ఎంత జరుగుతున్నాయో చూడండి. గీత కొద్దిగా కదలడం ఈ తరహా కారుకు సహజమే. పై సందు కళ్లముందే మూసుకుపోతుంటే మాత్రం సిల్‌ల మధ్యభాగం బలహీనపడిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అప్పుడు కార్పెట్ ఎత్తి లోపలి సిల్‌ను, కింది నుంచి దాని అడుగు పట్టీని మొనదేలిన పనిముట్టుతో పొడిచి చూడండి. ఎంజీబీలో బయటి సిల్ తలుపు దగ్గరే ఆగిపోదు, రెక్కల (చక్రాలను కప్పే పక్క రేకుల) కిందికి ముందుకూ వెనక్కూ సాగుతుంది. పాత మరమ్మతుల్లో చాలాసార్లు తలుపు కింద కనిపించే మేరకే కొత్త రేకు కప్పి, దాగి ఉన్న కొసలను వదిలేస్తారు. నా దృష్టిలో ఈ కారుకు జరిగే అన్యాయాలలో ఇదే పెద్దది.

సిల్ మార్చాల్సి వస్తే కోయడానికి ముందే తలుపు చట్రంలో అడ్డంగానూ ఏటవాలుగానూ గట్టి పట్టీలు బిగించి, సందులు సరిగా ఉన్న స్థితిలో బాడీని నిలపాలి. బాడీ నడుము వంగిన స్థితిలో కొత్త సిల్ అతికితే ఆ వంపు శాశ్వతమవుతుంది. నేను చూసిన ఒక కారులో కొత్త రేకు, చక్కని వెల్డింగు, మెరిసే రంగు అన్నీ ఉన్నాయి, కానీ కుడి తలుపు మాత్రం చివరిదాకా మూసుకోలేదు; కారును జాక్‌ల మీద వేలాడదీసి పని ముగించారని తరువాత తెలిసింది. ఒకసారి ఒక పక్కనే కోయండి, తలుపు బిగించి మధ్యమధ్యలో మూసి చూస్తూ ఉండండి, వేడికి రేకు వంకరపోకుండా పొట్టి పొట్టి అతుకులుగా చోట్లు మార్చుకుంటూ వెల్డింగ్ చేయించండి. పని ముగిశాక సిల్ లోపల తుప్పు నిరోధక మైనం కొట్టించడం, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడడం మరవద్దు.

ఇక రాడ్ విషయం. మీ కారులో ముందు సస్పెన్షన్ కిందనున్న క్రాస్‌మెంబర్‌కు (అడ్డ దూలానికి) బిగిసి ఉంటుంది; పైన బ్రేస్ కట్టడానికి టవర్లే, అంటే ఇంజిన్ గదిలో ఇరువైపులా స్ప్రింగుల పై కొసలను పట్టే ఎత్తైన గూళ్లే, లేవు. దానికి బదులు క్రాస్‌మెంబర్ బోల్టుల బిగువును, వాటి దగ్గరి రబ్బరు ప్యాడ్‌లను, ముందు అద్దం చట్రం బోల్టులను, తలుపు గడియను సరిచూసుకోండి. ఒక్కోసారి వణుకులో సగం అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: మాది 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు). తుప్పు లేదు. అయినా మలుపుల్లో బాడీ మెలి తిరుగుతున్నట్టు ఉంది. దీనికీ బ్రేస్ వద్దంటారా?

జవాబు: మీ కారుకు తప్పకుండా వేయించండి. మస్టాంగ్‌లో ముందు స్ప్రింగులు చక్రాన్ని పట్టే పై ఆర్మ్‌ల (కదిలే చేతుల) మీద కూర్చుంటాయి, కాబట్టి రోడ్డు దెబ్బ నేరుగా టవర్లకు తగులుతుంది. టవర్లను ఇంజిన్ గది వెనుకనున్న అడ్డగోడకు కలిపే ఒకే ముక్క బ్రేస్‌ను ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అనీ, రెండు టవర్లను అడ్డంగా కలిపే దాన్ని మాంటే కార్లో బార్ అనీ అంటారు. రెండూ కలిస్తే త్రికోణం ఏర్పడుతుంది. త్రికోణం ఆకారం మార్చుకోదు. రాడ్ తిన్నగా ఉండాలి, ఎందుకంటే మధ్యలో వంపు ఉన్న రాడ్ లాగినప్పుడూ నొక్కినప్పుడూ స్ప్రింగులా పనిచేస్తుంది. నేల కింద ముందు, వెనుక పట్టీలను కలిపే కనెక్టర్లను కొసలకు మాత్రమే కాక, నేల రేకుకు కూడా దారి పొడవునా అతికిస్తే మేలు. ఫ్యాక్టరీ కన్వర్టిబుల్‌కు ఇచ్చిన సిల్ లోపలి అదనపు రేకులను, టార్క్ బాక్సులను (సిల్‌ను నేల కింది పట్టీలకు కలిపే పెట్టెలను) ఎక్కడా కోయనివ్వకండి.

ప్రశ్న: మా 1967 షెవ్రొలే కమారో కన్వర్టిబుల్ మూలల్లో బరువైన డబ్బాలు ఉన్నాయి. బరువు తగ్గించడానికి తీసేయవచ్చా?

జవాబు: తీయవద్దు. వాటిలో స్ప్రింగుల మీద వేలాడే బరువు, చుట్టూ నూనె ఉంటాయి. బాడీ అదిరే వేగానికి ఎదురుగా అవి ఊగి వణుకును మింగేస్తాయి. అవి బాడీని గట్టిపరచవు, అదురు చేతికి తెలియకుండా చేస్తాయి, అంతే. బాడీకి అదనపు పట్టీలు వేయించినా ముందు వాటిని ఉంచే నడిపి చూడండి. నూనె కారిపోయి ఉంటే మాత్రం బాగుచేయించండి.