ల్యాబ్‌కు గుర్తింపు ఉన్నప్పుడు మన స్టాండర్డ్‌లు మళ్లీ ఎందుకు?

మీ ప్రశ్న సారాంశం ఇది: బంగారు డ్రిల్లింగ్ నమూనాలు పంపే ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబులను తనిఖీ చేసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంది, ప్రతి బ్యాచ్‌లోనూ వాళ్లు తమ స్టాండర్డ్‌లను (బంగారం ఎంతుందో ముందే తెలిసిన రాతి పొడులను) తామే నడుపుతున్నారు, అలాంటప్పుడు విదేశాల నుంచి తెప్పించిన స్టాండర్డ్ పొట్లాలను ప్రతి 20 నమూనాలకు ఒకటి చొప్పున మీరు మళ్లీ కలపడం వృథా ఖర్చు కాదా? కాదు. వాటిని కలిపి, వచ్చిన అంకెలను ఎవరూ చూడకుండా ఫైల్లో పెడితే మాత్రం అది ముమ్మాటికీ వృథా ఖర్చే. నేను చూసిన పథకాల్లో ఎక్కువ భాగం ఈ రెండో కోవకే చెందుతాయి.

గుర్తింపు అంటే ఆ ల్యాబ్ ల్యాబుల పనితీరుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 ప్రకారం నడుస్తోందని తనిఖీ చేసినవాళ్లు ఒప్పుకున్నారని మాత్రమే అర్థం. మీ బ్యాచ్ కొలిమిలో ఉన్న రోజున ఏం జరిగిందో ఆ పత్రం చెప్పలేదు. మంచి ల్యాబులు కూడా ఒకే రాయికి వేర్వేరు జవాబులు చెబుతాయన్నది పాత సంగతే. అమెరికాలో రోడ్ ఐలాండ్ గ్రానైట్‌ను జీ-1 అనీ, వర్జీనియా డయాబేస్‌ను డబ్ల్యూ-1 అనీ పొడిచేసి పలు ల్యాబులకు పంచి, 1951లో ఫలితాలు ప్రచురించినప్పుడు, సిలికా వంటి మామూలు విలువల్లో సైతం తేడాలు బయటపడి విశ్లేషకులను ఆశ్చర్యపరిచాయి.

రాయలసీమలోని ఒక బంగారు అన్వేషణ పథకంలో ఫలితాల నాణ్యత చూసే బాధ్యత కొంతకాలం నాది. మేము వాడే స్టాండర్డ్‌లలో ఒకదాని ధ్రువీకృత విలువ టన్నుకు 1.50 గ్రాములు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 0.05. అంటే 1.40 నుంచి 1.60 వరకు ఏది వచ్చినా రెండు విచలనాల హద్దులోనే ఉన్నట్టు లెక్క. ల్యాబ్ పంపే ప్రతి సర్టిఫికెట్‌లోనూ మా స్టాండర్డ్ ఆ హద్దు దాటేది కాదు కాబట్టి అందరూ నిశ్చింతగా ఉండేవారు. ఆ అంకెలను తేదీల వరుసలో గ్రాఫ్ మీద పెట్టి చూస్తే మాత్రం కథ వేరుగా ఉంది: ఒక తేదీ వరకు చుక్కలు సగటు గీతకు పైనా కిందా చెల్లాచెదురుగా పడ్డాయి, ఆ తరువాత 1.44, 1.46, 1.43, 1.45 అంటూ ఒక్కటి కూడా గీతకు పైన పడలేదు. నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొరుసే పడే అవకాశం 1,024లో ఒకటి. అలా పడుతున్నప్పుడు నాణేన్నే అనుమానించాలి.

ల్యాబ్ మేనేజరు గారు మొదట ఒప్పుకోలేదు. "అన్నీ పాసయ్యాయి కదండీ" అన్నారు. వాళ్ల సొంత స్టాండర్డ్ కూడా కొంత తక్కువగానే వస్తోంది, కానీ వాళ్లు పెట్టుకున్న హద్దులు మావాటికంటే వెడల్పు. ఫైర్ అస్సే (నమూనాను కొలిమిలో కరిగించి బంగారాన్ని కొలిచే పద్ధతి) దశలన్నీ పక్కన నిలబడి చూశాను: 50 గ్రాముల పొడిని లిథార్జ్ (సీసపు ఆక్సైడ్), సోడా యాష్, బోరాక్స్, గోధుమపిండి కలిపిన ఫ్లక్స్‌తో కరిగించడం, అడుగున చేరిన సీసపు ముద్దను క్యూపెల్ అనే పీల్చుకునే చిన్న గిన్నెలో పెట్టి సీసాన్ని ఇంకించడం, మిగిలిన చిన్న పూసను ఆక్వా రీజియా అనే ఆమ్లాల మిశ్రమంలో కరిగించి, ద్రావణంలో బంగారం ఎంతుందో చెప్పే ఏఏఎస్ యంత్రం మీద చదవడం. కొలిమి దగ్గర తప్పేమీ లేదు. యంత్రాన్ని క్యాలిబ్రేట్ చేసే (తెలిసిన గాఢతతో దాని రీడింగును సరిదిద్దే) బంగారు ద్రావణపు ఫ్లాస్కు మాత్రం, బిరడా సరిగా కూర్చోకుండా, హాట్‌ప్లేట్ పక్కనే గట్టు మీద ఉంది. నీరు కొద్దికొద్దిగా ఆవిరై ద్రావణం చిక్కబడింది. చీటీ మీద రాసినదానికంటే అసలు గాఢత ఎక్కువైతే, దానితో పోల్చి చదివే ప్రతి నమూనా తక్కువగా కనిపిస్తుంది. యంత్రాన్ని సరిచూసే తనిఖీ ద్రావణాన్ని కూడా అదే ఫ్లాస్కు నుంచి తయారుచేస్తున్నందువల్ల ఆ రీడింగు ఎప్పుడూ నిక్కచ్చిగానే వచ్చేది. కొత్త సీసా తెరిచి పోలిస్తే పాతది దాదాపు నాలుగు శాతం ఎక్కువ చూపింది. కటాఫ్ గ్రేడుకు (తవ్వితే గిట్టుబాటయ్యే కనీస బంగారం మోతాదుకు) అటూ ఇటూగా ఉన్న ఖనిజానికి నాలుగు శాతం అంటే కొన్ని బ్లాకులు ఖనిజమా వ్యర్థమా అన్నది తారుమారు కావడమే.

అందుకే "పాస్", "ఫెయిల్" అని పట్టికలో రాసి ముగించే పద్ధతి అంటే నాకు ఒళ్లుమంట. మూడు విచలనాలు దాటిన ఒక్క చుక్క కంటే, హద్దుల్లోపలే ఉంటూ ఒకే వైపు నడిచే చుక్కల వరుస ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకంటే మొదటిది వెంటనే అందరి కంటా పడుతుంది. జియాలజీ ఎం.ఎస్సీ.లో పలుచని రాతి ముక్కలను మైక్రోస్కోపు కింద నెలల తరబడి చూపిస్తారు కానీ, ఈ గ్రాఫ్ గీయడం ఒక్క పూట కూడా నేర్పరు. ఇక కొనుగోలు విభాగం సంగతి చెప్పనక్కర్లేదు. సల్ఫైడ్‌లున్న క్వార్ట్జ్ ఖనిజానికి, చవకగా దొరికిందని ఆక్సైడ్ రకం స్టాండర్డ్ తెప్పిస్తారు. ఫ్లక్స్ ఆ రెండింటితో ఒకే తీరుగా ప్రవర్తించదని చెబితే రేట్ల పట్టిక చూపిస్తారు.

మీ కోర్ షెడ్‌లో (డ్రిల్లింగ్‌లో వచ్చిన రాతి కడ్డీలు ఉంచే చోట) స్టాండర్డ్‌లను 20, 40, 60 అనే నంబర్ల దగ్గరే పెడుతున్నారేమో చూడండి. అలా పెడితే ల్యాబ్‌లో కుర్రాడికి సైతం అవి ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. కోర్ ముక్కల సంచుల మధ్య పొడి పొట్లాన్ని దాచడం ఎలాగూ కుదరదు కానీ, పొట్లం మీది చీటీ తీసేసి, వేర్వేరు గ్రేడుల స్టాండర్డ్‌లను మార్చి మార్చి వాడితే అది ఏదన్నది దాచవచ్చు.

స్టాండర్డ్ అన్నిటికీ మందు కాదన్న సంగతి కూడా చెప్పాలి. అది ముందే పొడిగా వస్తుంది కాబట్టి క్రషర్‌లో పాత నమూనా అంటుకుని జరిగే కల్తీని పట్టుకోదు. దానికి బంగారం లేని రాతి ముక్కలను బ్లాంక్‌గా పంపాలి. ల్యాబ్‌కు చేరకముందే సంచిలో జరిగే మోసాన్ని అసలే పట్టుకోదు. 1997లో బయటపడిన కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ కుంభకోణంలో, ఇండోనేషియాలోని బుసాంగ్ నమూనాల్లో ఎవరో బంగారు రజను కలిపారు. ల్యాబ్ తనకు అందినదాన్ని కొలిచింది. అమెరికా గనుల సంస్థ ఫ్రీపోర్ట్ పాత బోర్ల పక్కనే మళ్లీ డ్రిల్ చేస్తే గానీ గుట్టు రట్టు కాలేదు.

బడ్జెట్ నిజంగా బిగుతుగా ఉంటే స్టాండర్డ్‌లను తగ్గించకండి. సరిచూసుకోవడానికి రెండో ల్యాబ్‌కు పంపే పల్ప్‌ల (పొడి చేసిన నమూనాల) సంఖ్యను కొంత తగ్గించుకోండి. ఆ పంపే కొద్దిపాటి పల్ప్‌ల మధ్య కూడా మీ స్టాండర్డ్‌ను తప్పక పెట్టండి. లేకపోతే రెండు ల్యాబుల అంకెలు తేడాగా వచ్చిన రోజున ఎవరిది తప్పో తేల్చడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.